కొంగలపాయలో పేర్లు

మా నాన్న పేరు పలకడం మా ఇంట్లో నా పని.

రేషన్ కార్డు దగ్గర, పింఛను దగ్గర, ఆధార్ దగ్గర ఎవరైనా "భర్త పేరేంటమ్మా?" అనడం ఆలస్యం, మా అమ్మ మోచేత్తో నన్ను ముందుకు తోసేది. నేను "మాణిక్యాలరావండి" అనేదాన్ని. చిన్నప్పుడు అదో గొప్పగా ఉండేది. పెళ్ళయి పిల్లతల్లినయ్యాక కూడా అదే తంతు. ఒకసారి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చీటీ రాసే అమ్మాయి విసుక్కుని "ఆవిడకి నోరు లేదాండి?" అంది. "నోటికేం లోటు లేదమ్మా, నీకూ నాకూ కలిపి ఉన్నంత ఉంది. ఆ ఒక్క ముక్కా పలకదు" అన్నాను. మా అమ్మ అక్కడే నా తొడ గిల్లింది.

జన్మకి ఒక్కసారి పలికిందట. కొత్తకోడలిగా గడప దాటేటప్పుడు ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. గొంతులోనే ఏదో గొణిగిందట. వినపడలేదు, మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు. గుమ్మంలోనే చతికిలబడి కూర్చుంది. "మాకే ఆకలేసి రానిచ్చేసేం" అని మా మేనత్త చెప్పి నవ్వేది.

అంత మొండి మనిషి ఈ చలికాలమంతా మా ఇంట్లో రాత్రి భోజనం మానేసింది. ఎందుకంటే నా కూతురు కొంగలపాయలో ఉద్యోగం తెచ్చుకుంది గనక.

దీపావళి వెళ్ళి వారం కాలేదు. రామచంద్రపురంలో మా ఇంటి వసారాలో మా అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మా అమ్మాయి లక్ష్మీతులసి ఫోన్ పట్టుకుని గెంతుకుంటూ వచ్చింది. జంతుశాస్త్రం చదివింది, పిట్టలంటే పిచ్చి.

"అమ్మా, ఉద్యోగం వచ్చింది. ఈ సీజనంతా. మడ అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళని పడవలో తిప్పి చెట్ల గురించీ పిట్టల గురించీ చెప్పాలి."

"ఎక్కడే?"

"సఖినేటిపల్లి అవతల. కొంగలపాయ."

మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. చేతిలో ఉన్న కాయని చాటలో వెయ్యకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, లోపలికి వెళ్తూ ఒక్క మాట అంది. "అది ఆ పాయలో దిగినన్నాళ్ళూ నేను రాత్రిపూట అన్నం ముట్టను."

"అమ్మమ్మ పస్తుంటానంటే భయపడిపోతానా?" అంది తులసి. మొండితనం మా ఇంట్లో ఆస్తిలాగా దిగుతుంది. మర్నాడు సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మా అమ్మ అన్నంత పనీ చేసింది. రాత్రికి అటుకులో, ఒక అరటిపండో. మా ఆయన ఆదినారాయణ గారు "అత్తయ్యగారూ, కాస్త మజ్జిగన్నమైనా" అని బతిమాలితే, "మీరు తినండి బాబూ, పొద్దున్నుంచీ ధాన్యం బస్తాల మధ్య తిరిగొచ్చేరు" అని ఆయనకే ఇంకో గరిటె వడ్డించేది.

కొంగలపాయ గురించి చెప్పాలి. గోదారి సముద్రంలో కలిసేచోటుకి, అంటే మొగకి, కాస్త ఇవతల కొన్ని నీళ్ళు పక్కకి తప్పుకుని మడచెట్ల మధ్యలోకి దూరతాయి. అదే పాయ. నా చిన్నప్పుడు దానికి దారి లేదు, పడవ ఒక్కటే దిక్కు. చెట్లు నీళ్ళమీదికి వంగి పట్టపగలే చీకటిగా ఉండేది. నీటికుక్కలు గుంపుగా ఈదుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి చీదరించుకుని వెళ్ళిపోయేవి. మా ఊరు గుల్లదిబ్బ. మా మగాళ్ళు ఆ పాయలో వలలు వేసేవారు. పాటుకి నీళ్ళు తీశాక ఆడవాళ్ళు బురదలో దిగి సున్నం బట్టీల కోసం గుల్ల ఏరేవారు. పోటు మళ్ళి నీళ్ళు ఎక్కేసరికి మగాళ్ళు పడవలు తెచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకోవాలి. ఆలస్యమైతే నిలబడ్డచోటే పీకల్లోతు.

అందుకని పోటు మొదలవగానే ఆడవాళ్ళు పిలిచేవారు. కానీ పేరు పెట్టి కాదు. పాయలో ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే పాయ ఆ పేరు నేర్చేసుకుంటుందని, ఎప్పుడో ఒకనాడు అదే పిలుస్తుందని, అది పిలిస్తే వెళ్ళకుండా ఎవరూ ఉండలేరని మా వాళ్ళ నమ్మకం. అసలే మొగుడి పేరు పలకని ఆడవాళ్ళు, పైన ఇదొకటి. కాబట్టి మొగుళ్ళందరికీ ఒకటే పిలుపు, "ఏవయ్యో". పిల్లలకి పాయలో పేర్లు వేరు. నేను పీతని. మా అమ్మ "పీతోయ్" అని అరిస్తే నేను గుల్లబుట్టల దగ్గర్నించి "ఓయ్" అనేదాన్ని.

నాకు పన్నెండేళ్ళప్పుడు, మాఘమాసంలో ఒక పొద్దున్న, పోటు మళ్ళే వేళకి పాయలో మంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. ఆడవాళ్ళందరూ "ఏవయ్యో, ఏవయ్యో" అని ఒకటే పిలుపు. ఎండ ఉన్నప్పుడు మనిషి కనపడతాడు గనక గొంతు ఎవరిదో పోల్చుకునే పని లేదు. ఆ వేళ గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఒక్కో పడవా తడుముకుంటూ వచ్చింది. ఎవరి మొగుళ్ళు వాళ్ళని ఎక్కించుకున్నారు. మా నాన్న రాలేదు. మా అమ్మని, నన్ను వేరేవాళ్ళు ఎక్కించుకున్నారు. గట్టుకి చేరాక కూడా అమ్మ గొంతు పోయేదాకా పిలిచింది.

పడవ మొగ దగ్గర బోర్లా దొరికింది. మనిషి దొరకలేదు. దొరక్కుండానే దినం చేశారు. ఆ రోజు మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "ఎవరి పిలుపో నా పిలుపనుకుని మొగవైపు పోయేరే. పేరెట్టి అరిచుంటే వచ్చేవారే" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ వారంలోనే ఊరు వదిలేసి, రామచంద్రపురం వచ్చి, రైసుమిల్లులో పనికి కుదిరి నన్ను పెంచింది. తర్వాత గోదారి మొహం చూడలేదు. వంతెన దాటాల్సి వస్తే బస్సులో నన్ను కిటికీవైపు కూర్చోబెట్టి తను ఇటు తిరిగి కూర్చునేది.

అలాంటి చోటికి నా కూతురు జీతం తీసుకుని వెళ్ళింది. తీసుకురమ్మని మా అమ్మ నన్ను తరిమింది.

అమలాపురంలో ఒక బస్సు, రాజోలులో ఒక బస్సు మారి, సఖినేటిపల్లిలో ఆటో ఎక్కి "కొంగలపాయకి దారి ఎక్కడిదాకా ఉంది బాబూ?" అని అడిగాను. "పాయలోకే ఉందండి" అన్నాడు ఆటో అబ్బాయి. వేళాకోళం అనుకున్నాను. కాదు. సిమెంటు రోడ్డు సరాసరి నీళ్ళదాకా ఉంది. రెండువైపులా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్మే చక్రాలు. మొగలిపొదలు ఉండాల్సినచోట కార్లు ఆపుకునే స్థలం. ఎర్రటి గుండె బొమ్మ పెట్టి "ఐ లవ్ కొంగలపాయ" అని నిలువెత్తు అక్షరాలు, వాటి ముందు ఫొటోలు దిగుతున్న జనం. సిమెంటుతో చేసి రంగు వేసిన కొంగ ఒకటి. మేం మోకాలిలోతు బురదలో గుల్ల ఏరినచోట చెక్కల వంతెన, దానికి రెండువైపులా పట్టుకోడానికి కమ్మీలు. ఒకావిడ ఆ కమ్మీకి ఆనుకుని మిరపకాయ బజ్జీ తింటోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చిన్నతనానికి ఎవరో గుండు కొట్టించి కూర్చోబెట్టినట్టుంది. బజ్జీ తినే ఆవిడ మీద కూడా కోపం వచ్చింది, పాపం ఆవిడ ఏం చేసింది.

అప్పుడు చూశాను. రేవు దగ్గర వరసగా వేలాడుతున్న నారింజరంగు లైఫ్ జాకెట్లు. నీళ్ళలో పాతిన గుంజకి గీతలు గీసి, పోటు ఎంతొచ్చిందో తెలిసేలా అంకెలు. దారి పొడవునా చెట్టు నుంచి చెట్టుకి కట్టిన తాడు. చేతిలో ఫోన్ చూసుకుంటే సిగ్నల్ నిండుగా ఉంది, మా వీధిలో కూడా అంత ఉండదు. సిగ్గుగా ఉంది గానీ చెబుతాను, నాకు ప్రాణం కుదుటపడింది. అందం పోయింది, నిజమే. దాంతోపాటు కోరలు కూడా పోయాయి. దీనికి నా కూతుర్ని తినే పళ్ళు లేవు.

అంతలో మైకులో తులసి గొంతు. పడవ ఎక్కినవాళ్ళ ముందు నిలబడి పేర్లు పిలుస్తోంది. "అనిత గారూ! వెంకటదుర్గ గారూ!" అంటూ రేవుకి కట్టి ఉన్న పడవలోంచి, పాయంతా వినపడేలా. పరుగెత్తుకుంటూ వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఒసే, పాయలో పేర్లెత్తుతావా? నీకు చెప్పేనా లేదా?"

"అందరూ ఎక్కేరో లేదో చూసుకోవాలిగా అమ్మా. రూలు."

"పాయకి పేర్లు తెలిసిపోతాయే!"

"తెలిస్తే ఏం చేస్తుంది? ఆధార్ లింకు చేస్తుందా?"

పడవలోవాళ్ళు నవ్వారు. నవ్వు ఆపుకోవాలని చూశాను గానీ నాకూ వచ్చేసింది. అది దాని మాట కాదు, మా అమ్మ నోరే దానికొచ్చింది. ఆ రోజు దాన్ని వెంటబెట్టుకుని రాలేదు. ఇంటికొచ్చి "నెల తిరక్కుండా వచ్చేస్తానందమ్మా. అక్కడంతా తాళ్ళూ కమ్మీలూ కట్టేసేరు, మునిగేచోటే లేదు" అని చెప్పాను. మా అమ్మ అటుకులు నానబోస్తూ "మంచుకి కూడా తాడు కట్టేరా?" అంది.

మార్గశిరం వెళ్ళిపోయింది. మా అమ్మ చిక్కిపోయింది. రవికెలు వదులయ్యాయి. పొద్దున్న మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇక ఊరుకుంటే లాభం లేదని పుష్యంలో మళ్ళీ బయల్దేరాను. ఈసారి కాళ్ళు పట్టుకునైనా తులసిని ఇంటికి తీసుకురావాలి. ముందురోజు సాయంత్రమే చేరాను. దాని గదిలో పడుకుని, తెల్లారి ఇద్దరం రేవుకి వచ్చాం.

"ఒక్కసారి పడవెక్కమ్మా. ఎక్కి, చూసి, అప్పుడు కూడా రమ్మంటే వచ్చేస్తాను. ఒట్టు" అంది.

ఎక్కాను. ఇంజను పడవ నడిపేది నాగసతీష్ అని ఆ ఊరబ్బాయే, మాట తక్కువ మనిషి. పడవలో ఓ పదిమంది. వెనకే తెడ్లతో నడుపుకునే చిన్న ప్లాస్టిక్ పడవల్లో ఒక్కొక్కరుగా కొందరు. తులసి చెట్లు చూపిస్తూ, ఏ మడచెట్టు వేళ్ళు ఎందుకలా పైకి లేస్తాయో చెబుతోంది. లోపలికి వెళ్ళేకొద్దీ నాకు తెలిసిన పాయ కాస్త కాస్త కనపడింది. రోడ్డు భయానికి కొంగలన్నీ ఇటొచ్చేశాయి. ఒక నీటికుక్క తల పైకెత్తి, వెనకటిలాగే చీదరించుకుని మునిగింది. దాన్ని చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు దిగింది మంచు. మొగవైపు నుంచి తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి ముందు చెట్లని, తర్వాత చిన్న పడవల్ని, ఆఖరికి మా పడవ ముక్కుని కమ్మేసింది. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. నా చెవుల్లో ఆ నాటి ఆడవాళ్ళ పిలుపే.

"సతీష్ గారూ, ఇంజనాపేయండి. గొంతులు వినపడాలి" అంది తులసి. దాని గొంతులో కంగారు లేదు. నిలబడి ఒక్కొక్క పేరే పిలిచింది. "రమణబాబు గారూ!" "ఆయ్, ఇక్కడేనండి!" "తేజ!" "ఆ అక్కా, తాడు పట్టుకున్నాను!" "బంగారరాజు గారూ!"

జవాబు లేదు.

"బంగారరాజు గారూ!"

లేదు. నీళ్ళు పడవకి తగులుతున్న చప్పుడు మాత్రం. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ మనిషిని నేను సరిగ్గా చూడను కూడా చూడలేదు. పచ్చటి పడవలో భారీగా కూర్చున్న పెద్దమనిషి. ఆయన ఇంట్లో ఎవరో ఆడమనిషి ఆయన కోసం టిఫిన్ చేసి ఎదురుచూస్తూ ఉంటుందనిపించింది. తులసి ఈల ఊది, ఈసారి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మా అమ్మ అంత గట్టిగా అరిచింది. "బంగారరాజు గారూ!"

"ఆయ్! ఆయ్! ఇక్కడే ఉన్నానండి! మా ఆవిడ ఫోన్ చేసిందండి, మాట్లాడుతున్నాను!"

పడవంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని నవ్వింది. నేను నవ్వలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత సులువు! పేరు పెట్టి పిలిస్తే పాయ పలకలేదు, ఆ పేరున్న మనిషే పలికాడు. తులసి అందరి పేర్లూ అయ్యాక, చివర్లో, నా వంక చూసి కావాలనే పిలిచింది. "వీరదుర్గ గారూ!" "ఇక్కడే ఉన్నానే" అన్నాను. తాడు పట్టుకుని పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, రేవుకి వచ్చేశాం.

రేవు దగ్గర రేకుల పందిరి కింద టీ కొట్టు. నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, జుట్టంతా నెరిసింది. పేరు రమణి. మంచులో మా పేర్లన్నీ ఆవిడకీ వినపడ్డాయి. నా ముందు టీ గ్లాసు పెట్టి, ఏడ్చిన నా కళ్ళు చూసి అక్కడే నిలబడిపోయింది.

"మీదేవూరండి?"

"రామచంద్రపురమండి."

"అది కాదమ్మా, పుట్టిల్లు."

"ఇక్కడే. గుల్లదిబ్బ."

"గుల్లదిబ్బలో ఎవరమ్మాయి?"

"మాణిక్యాలరావు గారి అమ్మాయినండి" అన్నాను, అలవాటైన పనే గనక.

ఆవిడ పొయ్యి ఆర్పేసింది. బల్ల లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నాకప్పటికి పెళ్ళయి నెల కూడా అవలేదండి. అవతలి గట్టున మా అత్తారిల్లు. గుల్ల ఏరడానికి మా అత్తగారు నన్ను మొదటిసారి ఇటు తీసుకొచ్చింది. మంచులో దారి తప్పేను. మొగవైపు ఇసుకమేట మీదికి పోయేనండి. నీళ్ళు నడుముకొచ్చేసేయి. అందరూ ఏమని పిలుస్తున్నారో నేనూ అదే పిలిచేను, ఏవయ్యో అని. పడవొచ్చింది. మా ఆయన కాదు."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. మా అమ్మ ఇన్నేళ్ళూ అనుకున్నదే నిజమైంది. "మా అమ్మ పిలుపనుకుని వచ్చేరన్నమాట" అన్నాను.

"కాదండి. నేనూ అదే అనుకుని, పొరబడి వచ్చేరా బాబుగారూ అన్నాను. ఆయన నవ్వేరండి. 'మా ఇంటిదాని గొంతు నాకు తెలీదా అమ్మా? అదుగో, అటు వినపడతన్నాది. అది గట్టు దగ్గరుంది, చుట్టూ పదిమందున్నారు, ఏ పడవైనా ఎక్కించుకుంటుంది. నువ్వొక్కదానివే ఇటు మిగిలిపోయేవు' అన్నారు. నన్ను మా గట్టుకి దింపి, ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకో అని చెప్పి వెనక్కి తిప్పేరు. అప్పటికి పోటు బాగా ఎక్కిపోయింది. మీ అమ్మగారు పిలుస్తానే ఉన్నారు. ఆయన అటే వెళ్ళేరండి."

ముందు కోపమే వచ్చింది. "ఇన్నేళ్ళూ చెప్పకుండా ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"పరాయి మగాడి పడవెక్కేవని తెలిస్తే కాపరం ఉండదని మా అత్తగారు నోరు నొక్కేసింది. చిన్నదాన్ని, భయపడ్డాను. ఆవిడ పోయేక మీ ఊరొచ్చేనమ్మా. మీరు లేరు. మీ ఇల్లూ లేదు. ఎటెళ్ళేరో చెప్పేవాళ్ళు లేరు. ఈ రోడ్డు పడ్డాక ఇక్కడ కొట్టు పెట్టుకున్నాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు రాకపోతారా అని."

నేను ఆవిడని తిట్టలేదు. కౌగిలించుకోనూ లేదు. చల్లారిన టీ తాగేసి ఇంకొకటి అడిగాను. కోపం దిగిపోయాక మిగిలింది ఒక్కటే. మా నాన్న పొరబడలేదు. మా అమ్మ పిలుపు ఆయనకి అందింది.

తులసిని ఇంటికి రమ్మని అడగనేలేదు.

ఇంటికొచ్చి మా అమ్మకి ఈ కథ నేను చెప్పదలుచుకోలేదు. నేను చెబితే అన్నం తినిపించడానికి అల్లిన కథ అనుకుంటుంది. చిన్నప్పట్నించీ నా అబద్ధాలన్నీ ఆవిడకి తెలుసు. మాఘం వచ్చాక "అంతర్వేది వెళ్ళొద్దామే, స్వామి దర్శనం చేసుకుని చాలా కాలమైంది" అన్నాను. "స్వామా, మనవరాలా?" అంది. "ఇద్దరూ" అన్నాను. ఏమనుకుందో, పెట్టెలోంచి జరీ అంచు చీర తీసింది. బస్సు వంతెన ఎక్కినప్పుడు ఇటు తిరిగే కూర్చుంది.

దర్శనమయ్యాక, పొద్దు వాలుతుండగా, ఆటో కొంగలపాయ దగ్గర ఆగింది. మా అమ్మ దిగి, కార్లని, సిమెంటు కొంగని, కమ్మీల వంతెనని, ఒక్కొక్కటే చూసింది. "ఇదా?" అంది.

"ఇదేనమ్మా."

"బురదేదే?"

"చెక్కల కింద ఉంది."

"ఉంటే ఉండనీ. చీర పాడవకుండా నడవచ్చు" అంది. ఆవిడ భుజాలు కాస్త కిందికి దిగడం చూశాను. నాకైన కోపం ఆవిడకి కాలేదు. ఇక్కడ బురదలో కాళ్ళు కోసుకున్నది ఆవిడ. నేను బుట్టల దగ్గర కూర్చుని ఆడుకున్నదాన్ని.

రమణి గారు టీ కొట్టు వదిలి వచ్చి మా అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. "అక్కగారూ" అంటూ, నాకు చెప్పిందంతా చెప్పింది. మధ్యలో ఆవిడే ఏడ్చింది, ఆవిడే కళ్ళు తుడుచుకుంది. మా అమ్మ బల్లమీద నిటారుగా కూర్చుని విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"నా గొంతు కాదని తెలుసన్నారా?"

"ఆయ్. నవ్వేరు కూడానండి."

"నవ్వేరా" అంది మా అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది, చెమట పట్టినట్టు. తర్వాత రమణి గారి చెయ్యి తీసుకుని, అరచేతిని తిప్పి చూసి, "పిల్లలెంతమంది నీకు?" అంది.

"ముగ్గురండి. మనవలు ఐదుగురు."

"మంచిది. మంచిది" అని ఆ చేతిమీద రెండుసార్లు తట్టింది. లేచి "ఆ ఆఖరి పడవ ఎక్కుదాం" అంది.

లైఫ్ జాకెట్ వేస్తుంటే జరీ నలిగిపోతుందని తులసిని తిట్టింది. వేయించుకుంది. పడవ పాయలోకి వెళ్ళింది. మంచు లేదు. ఎర్రటి ఎండ నీళ్ళమీద పడుకుని ఉంది. నాగసతీష్ ఇంజను ఆపాడు. తులసి నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. నాకు బెరుకే, అమ్మ ఏమంటుందోనని. అమ్మ వంతు వచ్చింది. "సూర్యావతి గారూ!" అనగానే బడిపిల్లలాగా "ఆయ్" అంది. "వీరదుర్గ గారూ!" "ఆ."

"అందరూ అయిపోయేరు, వెళ్దామా?" అంది తులసి.

"ఒకరు మిగిలేరు" అంది మా అమ్మ.

నాకు అర్థమైంది. మోచెయ్యి వచ్చి నన్ను తోస్తుందని, అలవాటు ప్రకారం నోరు తెరిచాను. మోచెయ్యి రాలేదు. మా అమ్మ నా నోటిమీద చెయ్యి అడ్డం పెట్టి, పడవ కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. మొగవైపు తిరిగింది. అందరినీ మనవరాలు ఎలా పిలిచిందో అలాగే పిలిచింది.

"మాణిక్యాలరావు గారూ!"

ముసలి గొంతు. అయినా పాయ ఆ చివరిదాకా వెళ్ళింది. తులసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురు బల్లమీద కూర్చున్న కుర్రాడు అటూ ఇటూ చూసి, "ఆయన రాలేదా అండీ?" అని అడిగాడు, పాపం.

"లేదు బాబూ" అంది మా అమ్మ కూర్చుంటూ. "ఒకమ్మాయిని గట్టుకి దింపడానికి వెళ్ళేరు."

పడవ కదిలింది. కొంచెందూరం వెళ్ళాం. తర్వాత ఆవిడ నా వైపు వంగింది. పాయలో నేనెప్పుడూ పీతనే. ఈసారి ఆవిడ నా పేరుతో పిలిచింది.

"వీరదుర్గా, రాత్రికి అన్నం దొరుకుతుందా ఇక్కడ? ఆకలేస్తోందే."